గోళీ గొంతు

గోళీ నోరు తెరిచాడు. హెడ్‌ఫోన్స్‌లో ఎవరో మగమనిషి మాట్లాడాడు.

డబ్బింగ్ చెప్పడానికొచ్చిన ఆమె ఉలిక్కిపడి మైకు దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. ఇంజనీరు పొరపాటున ఇంకెవరిదో ట్రాక్ పెట్టాడనుకుని, అద్దం అవతల కూర్చున్న అతనికి ఆపమని చెయ్యి ఊపింది.

"ఇది గోళీది కాదు నాయనా. మార్చు."

"గోళీదే అక్కా," అన్నాడు ఇంజనీరు. అంటూ ఆమె వైపు చూడలేదు. పక్కనే ఉన్న డబ్బింగ్ డైరెక్టరు వైపు చూశాడు. డైరెక్టరు స్క్రిప్టు కాగితాల్లో తల దూర్చేశాడు.

ఆమె మళ్ళీ తెర మీదకి చూసింది. గోళీయే. ఆ చెవులు, ఆ ముక్కు, అబద్ధం చెప్పబోయే ముందు మోచెయ్యి గోక్కునే ఆ అలవాటు, అన్నీ వాడివే. కానీ పై పెదవి మీద పెన్సిలుతో గీసినట్టు నూనూగు మీసం. వెండిరంగు యూనిఫాం చేతులు మణికట్టు దాకా రాక పైనే ఆగిపోయాయి. మొదటి సీజన్ చివర్లో మునివేళ్ళ మీద లేచి తలుపు గడియ అందుకున్నవాడు, ఇప్పుడదే తలుపులోంచి తల వంచి బయటికొస్తున్నాడు. కథలో గడిచింది ఒక్క క్షణమే. మధ్యలో ఏవో గొడవలొచ్చి రెండో సీజన్ తియ్యడం ఆలస్యమైంది గానీ, పిల్లాడు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు.

పరాయి భాషలో తీసిన సీరియల్ అది; హెడ్‌ఫోన్స్‌లో వినిపించింది ఆ వేషం వేసిన పిల్లాడి అసలు గొంతు. బడి పిల్లలు కొందరు సైన్సు గదిలో ఎవరూ తెరవని తలుపు తెరిచి, చుక్కల మధ్య తిరిగే ఓ ఓడలోకి పడిపోతారు. ఇంటికి దారి తెలీదు. రోజూ సాయంత్రం మన భాషలో వచ్చేది. ఆ టైముకి వీధుల్లో ఆటలు ఆగిపోయేవి. ఆ పిల్లల్లో అందరికన్నా చిన్నవాడు, అందరికన్నా వాగుడుకాయ, గోళీ. వాడి గొంతు ఈమెది. యాభై దాటిన మనిషి. పెళ్ళి కాకముందు నుంచీ మగపిల్లల గొంతులే ఆమె పని కాబట్టి స్టూడియోలో అందరూ ఆమెని చిన్నోడక్క అంటారు. ఇంట్లో ఫోనెత్తి హలో అంటే, "బాబూ, అమ్మని పిలువు," అంటారు అవతలివాళ్ళు. ఒక్కోసారి ఆమె "అమ్మ లేదండీ" అని పెట్టేసేది కూడా.

"ఇంకోసారి వెయ్యి," అంది.

కొంచెం కిందికి దిగి చేసింది. ఇంకొంచెం దిగింది. గొంతు అడుక్కంటా వెళ్ళి, గడ్డం గుండెకి ఆనించి మరీ ప్రయత్నించింది. ఇంజనీరు దాన్ని తిరిగి వినిపించాడు. తెర మీద మీసం మొలిచిన గోళీ నోరు కదిపితే, జలుబు చేసిన పిన్ని ఎవరో లోపల్నుంచి మాట్లాడుతున్నట్టుంది. ఆమెకే నవ్వొచ్చింది. అవతలి ఇద్దరూ నవ్వలేదు. వాళ్ళు నవ్వకపోవడంతో ఆమెకి భయమేసింది.

డైరెక్టరు లేచి గదిలోకి వచ్చాడు. అన్నీ సరిగా ఉంటే అతను అద్దం అవతల్నుంచే మాట్లాడతాడు. మనిషి లోపలికి వచ్చాడంటే ఏదో తేడా ఉన్నట్టే. ఈ పని అతనికి నేర్పింది ఆమే. పెదవి మూసుకునే అక్షరాలు ఎక్కడ పడాలో వేలు పట్టి చూపించింది. అతను వచ్చి, సరిగానే ఉన్న మైకుని మళ్ళీ సరిచేశాడు.

"అక్కా, ఛానల్ వాళ్ళు వేరే గొంతు పెట్టమన్నారు."

"ఎప్పుడన్నారు?"

"పోయిన వారమే."

"మరి నన్నెందుకు రమ్మన్నావు?"

"నీతో చెప్పడానికి నోరు రాలేదు. నువ్వే వింటే నీకే తెలుస్తుందనుకున్నాను."

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి కొక్కేనికి తగిలించింది. అప్పుడు తట్టింది. పొద్దున వచ్చేటప్పుడు ముందుగదిలో సోఫా మీద ఒక కుర్రాడు బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉన్నాడు. ఎవరో కొత్తవాడు పాపం అనుకుని, తను పక్కకి జరిగి, "సరిగ్గా కూర్చో బాబూ" అని చోటిచ్చింది కూడా.

"ఆ బయట ఉన్నవాడేనా?"

డైరెక్టరు తలూపాడు. ఊరుకుంటే బాగుండేది. కానీ ఇబ్బందిలో ఉన్న మనిషి నోరు ఊరుకోదు. "రెండో సీజన్లో గోళీ వాళ్ళమ్మ వస్తుందక్కా. మంచి పాత్ర. చివరిదాకా ఉంటుంది. నువ్వు చేస్తే..."

"వాళ్ళమ్మా?" ఆమె గొంతు ఆమెకి తెలీకుండానే పైకి లేచి పిల్లాడి గొంతైపోయింది. "నేను వాడి అమ్మనేంటి? నేనే వాణ్ణి!"

గదిలో గోడలకి మెత్తటి స్పాంజి పలకలు అంటించి ఉంటాయి. ఎంత గట్టిగా అరిచినా మాట అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఆమె సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. సోఫాలో కుర్రాడు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఆమె చూడనట్టే వెళ్ళిపోయింది.

సాయంత్రం కళ్ళద్దాల షాపు మూసి భర్త ఇంటికొచ్చేసరికి ఆమె కూరగాయలు తరుగుతోంది. ఆ తరగడం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, ఏదో అయిందని. ఆయన చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, ఎదురుగా పీట లాక్కుని కూర్చున్నాడు.

"రెండో సీజన్ మొదలెట్టారుగా. ఎలా ఉన్నాడు మనవాడు?"

"మీసాలొచ్చాయి."

"ఆహా! వయసుకొచ్చాడన్నమాట."

"గొంతు కూడా వచ్చింది. ఎవడో కొత్తవాణ్ణి పెట్టారు. నన్ను పొమ్మన్నారు."

ఆయన ఆమె తరిగిన ముక్కల్ని గిన్నెలోకి ఎత్తాడు. మొదటి సీజన్ రోజుల్లో ఈ వంటింట్లోనే ఇద్దరూ కలిసి డైలాగులు చదివేవాళ్ళు. గోళీ ఆమె, మిగతావాళ్ళంతా ఆయన. ఓడలో మరమనిషి మాటలొస్తే చెంబు బోర్లించి మూతికి పెట్టుకుని మాట్లాడేవాడు. ఒకరోజు చెంబులోంచి "శత్రువులు వస్తున్నారు" అంటుండగా పక్కింటావిడ పెరుగుతోడుకి వచ్చి, గుమ్మంలోంచే వెనక్కి పోయింది. ఆ తర్వాత ఆవిడ తోడు అడగడమే మానేసింది.

"నయమే," అన్నాడు ఆయన చివరికి. "రెండో సీజన్లోనే పోయాడు. మూడో సీజన్ దాకా ఉంటే ఏ అమ్మాయినో వెంటేసుకొచ్చి, ఆశీర్వదించు అనేవాడు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే కత్తిపీట పక్కకి నెట్టి మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఎంతమంది పిల్లలకి గొంతిచ్చింది! అందరూ సినిమా అయిపోగానే వెళ్ళిపోయినవాళ్ళే. ఒక్కడు కూడా ఇంటికి రాలేదు. వీడు మాత్రం వచ్చాడు. రోజూ వచ్చి ఈ పీట మీద కూర్చున్నాడు. కథలో వాడికి ఇంటికెళ్ళే దారి తెలీదు కాబట్టి, ఆమె తన ఇంట్లోనే ఉంచుకుంది.

"వాళ్ళమ్మ పాత్ర చెయ్యమన్నాడు," అంది తల ఎత్తకుండా.

"చెయ్యొచ్చుగా."

"మీరు కూడానా?"

ఆయన కత్తిపీట తన వైపు లాక్కుని మిగిలిన కూరగాయలు తరిగాడు. ముక్కలు ఒకటి ఇంత, ఒకటి అంత.

మర్నాడు ఆమె స్టూడియోకి వెళ్ళింది. వెళ్ళకపోతే ఇంట్లో కూర్చుని ఏడుస్తోందనుకుంటారు. కుర్రాడికి గోళీ పద్ధతులు నేర్పమని డైరెక్టరు ఫోన్ చేసి బతిమాలాడు, కాబట్టి వెళ్ళడానికి ఓ సాకు కూడా ఉంది.

గదిలో ఇప్పుడు మైకు ముందు ఒక్కరు నిలబడేంత చోటే ఉంచారు. చుట్టూ దళసరి గుడ్డ తెర కట్టారు. ఎవరి మాటలు వాళ్ళు విడిగా వచ్చి చెప్పుకుని పోతారు, తర్వాత మిషన్లో కలుపుతారు. మొదటి సీజన్కి ఇదే మైకు చుట్టూ నలుగురు నిలబడేవాళ్ళు. కెప్టెన్ పిల్లకి గొంతిచ్చే టీచరమ్మ, బడి అయ్యాక చేతులకి సుద్దపొడితోనే వచ్చేది. మరమనిషికి గొంతిచ్చే లావుపాటాయన మూతికి నూనె డబ్బా రేకు అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు. ఆయన పొట్ట వల్ల మిగతావాళ్ళకి మైకు అందేది కాదు. ఒకరి మాట అయిపోగానే ఒకరు పక్కకి ఒరిగి చోటివ్వాలి, కాగితం చప్పుడు కాకూడదు, నవ్వు రాకూడదు. నవ్వొచ్చేది. ఇప్పుడు మరమనిషిని కంప్యూటరే మాట్లాడిస్తోందట. టీచరమ్మకి బదిలీ అయింది. గోడ మీద స్పాంజి పలకకి ఎవరో గోరుతో గీసిన చిన్న ఓడ బొమ్మ మాత్రం అలాగే ఉంది. ఆమె దాని మీద చెయ్యి పెట్టి చూసింది. పిండిలా మెత్తగా లోపలికి పోయి మళ్ళీ పైకి లేచింది.

"నమస్కారం అమ్మా," అన్నాడు కుర్రాడు.

"అమ్మా గిమ్మా వద్దు. అక్కా అను. ఏదీ, చెయ్యి చూద్దాం."

అతను చేశాడు. ఆమెకి ఒళ్ళు మండింది. బాగా చెయ్యనందుకు కాదు. మాట చివర్న పైకి లాగడం, కోపంలో ముక్కుతో ఊపిరి వదలడం, అన్నీ ఆమెవే. పాత భాగాలన్నీ చూసి వల్లెవేసుకొచ్చాడు. కాలేజీ వయసు గొంతుతో చిన్నపిల్లాడి గారాలు పోతుంటే పెద్దవాళ్ళు పిల్లల్ని వెక్కిరిస్తున్నట్టుంది.

"ఆపు. నా గొంతు ఎందుకు తీస్తున్నావు?"

"అది... అందరికీ తెలిసిన గోళీ అదే కదక్కా."

"అది చిన్న గోళీ. నీది తియ్యి. నీకు కోపమొస్తే ఎలా అరుస్తావు?"

"నేను అరవనక్కా. కోపమొస్తే నాకు మాట రాదు."

"అయితే మాట రాకుండానే చెయ్యి."

అతను తెర వైపు తిరిగాడు. తెర మీద గోళీ గోడకేసి గుద్ది, "మనం ఎప్పటికీ ఇంటికెళ్ళం," అన్నాడు. కుర్రాడు ఆ మాటలు మింగేస్తున్నట్టు, సగం లోపలే ఉంచుకుని అన్నాడు. పెదవులకి అతికినట్టు సరిపోయింది. ఇంజనీరు తలెత్తి చూశాడు. డైరెక్టరు చూపుడువేలూ బొటనవేలూ కలిపి పైకెత్తాడు. ఆమె కూడా తలూపింది, వేరే దారి లేదు కాబట్టి. నేర్పేదాకా పంతం, నేర్చుకున్నాక కడుపుమంట. దారిపొడుగునా తనని తనే తిట్టుకుంటూ ఇంటికెళ్ళింది.

ఆ మర్నాడు డైరెక్టరే మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి నేర్పడానికి కాదు. మొదటి భాగం ముందు 'జరిగిన కథ' అని కొంచెం చూపిస్తారు. అందులో ఒక మాట పాత డిస్కులో చెడిపోయింది. ఒకే ఒక్క మాట. గోళీది. చిన్నప్పటి గోళీది.

ఆమె గోరువెచ్చని నీళ్ళు తాగి, ఫ్యాను కింద కూర్చోకుండా, భర్తతో కూడా మాట్లాడకుండా గొంతు దాచుకుని బయల్దేరింది. కొత్త జాకెట్టు వేసుకుంది. మైకు ముందు జాకెట్టుతో పనేంటని ఆయన అడిగితే, జవాబు చెప్పకుండా చేత్తో సైగ చేసి వెళ్ళిపోయింది.

తెర మీద చిన్న గోళీ మునివేళ్ళ మీద లేచాడు. యూనిఫాం ఇంకా వదులుగానే ఉంది. ఎన్నాళ్ళయింది వీణ్ణి చూసి!

"తలుపు తెరుచుకుంటోంది! నాకు మా వీధి కనిపిస్తోంది!"

చెప్పేసింది. మాట పెదవులతో కలిసింది. అయినా అద్దం అవతల ఎవరూ వేలెత్తలేదు.

"ఇంకోసారి చేద్దామక్కా," అన్నాడు డైరెక్టరు.

చేసింది. ఇంకోసారి. ఇంకోసారి. చివరికి ఇంజనీరు దానికి ముందున్న పాత మాటని కూడా కలిపి వినిపించాడు. పాతది, "రండి రండి, త్వరగా!" అని. అది వినగానే ఆమెకి అర్థమైంది. ఆ పాత గొంతులో తడి ఉంది, మెరుపుంది. కొత్తగా కడిగిన గాజు గ్లాసుని గోటితో కొట్టినట్టుంది. దాని వెనకాలే ఇవాళ్టి మాట వచ్చింది. చివర్న చిన్న జీర, మధ్యలో చాలని ఊపిరి. ఎవరో పెద్దావిడ పిల్లాడిలా మాట్లాడుతోంది. పెద్దావిడ అని ఇట్టే తెలిసిపోతోంది.

ఇంజనీరు, డైరెక్టరు ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. పాపం వాళ్ళేమంటారు?

"నేను కూడా వాణ్ణి కాదు," అంది ఆమె.

"అదేం లేదక్కా, పొద్దున్నే కదా, గొంతు ఇంకా..."

"పొద్దున్నే చేసేదాన్ని ఇదివరకు. వదిలెయ్. నాయనా, మిషన్లో పైకి లేపే వీలుందా?"

ఇంజనీరు ఇబ్బందిగా మీటలు జరిపాడు. గొంతు పైకి లేచింది. జీర పోయింది. అది గోళీదీ కాదు, ఆమెదీ కాదు, కానీ పరుగులో ఒక్క క్షణం వచ్చిపోయే మాటకి చాలు. "ఉంచు," అంది. ఇన్నాళ్ళూ వాడు పెరిగిపోయి తనని వదిలేశాడని కోపం. వాడు పెరగకపోయినా తను వాణ్ణి అందుకోలేకపోయేదని ఇప్పుడు తెలిసింది. దుఃఖం పోలేదు గానీ, ఎవరి మీదో పెట్టుకున్న కోపం ఎటో జారిపోయింది.

ముందుగదిలో సోఫా మీద చాలాసేపు కూర్చుంది. డైరెక్టరు వచ్చి పక్కన కూర్చున్నాడు. కాళ్ళు చాపుకోలేక, ముడుచుకోలేక అవస్థపడ్డాడు.

"వాళ్ళమ్మకి ఎవరినైనా పెట్టావా?" అంది.

"లేదు."

"నేనే చేస్తాను. కానీ మైకు చుట్టూ ఆ గుడ్డ తెరా గిరా తీసెయ్. ఆ కుర్రాడు నా పక్కన నిలబడాలి. ఒకే మైకు."

"అక్కా, ఇప్పుడలా చెయ్యరు. రెండు గొంతులూ ఒకే ట్రాక్లో పడతాయి. తర్వాత విడదియ్యలేం."

"ఎందుకు విడదియ్యడం?"

డైరెక్టరు ఆమె వైపు చూశాడు. ఈ ప్రశ్నకి మిషన్ల వైపు నుంచి చాలా జవాబులున్నాయి. అతను అవేవీ ఎత్తకుండా ఆ గుడ్డ తెర విప్పించడానికి లేచాడు.

తల్లీకొడుకులు కలుసుకునే సీను రెండో సీజన్ మొదటి భాగం ఆఖర్న వస్తుంది. గోళీ ఎట్టకేలకు ఇల్లు చేరి తలుపు తడతాడు. చుక్కల మధ్య తిరిగిన వాడికి కొన్నాళ్ళే అనిపించింది గానీ, తలుపు దాటేసరికి వాడి ఒంటికీ ఇంటికీ కూడా ఏళ్ళు గడిచిపోయాయి. తల్లి తలుపు తీస్తుంది. గుర్తుపట్టదు. "ఎవరు కావాలి బాబూ?" అంటుంది. వాడు "అమ్మా" అంటాడు. ఆ ఒక్క మాట దగ్గరే వాడి గొంతు రెండుగా పగులుతుంది, సగం పిల్లాడు, సగం మగవాడు. అప్పుడు తల్లికి తెలుస్తుంది.

ఆ పగులు కోసం పొద్దుట్నుంచీ కుర్రాడు తంటాలు పడుతున్నాడు. అతని గొంతు ఎప్పుడో పగిలి అతుక్కుపోయింది. కావాలని పగలగొడితే దగ్గు వస్తోంది. ఆమె వచ్చేసరికి ముఖమంతా చెమటపట్టి ఉంది.

"దాని సంగతి తర్వాత చూద్దాం, ముందు నిలబడు," అంది ఆమె. అతను మైకుకి ఒక పక్కన, ఆమె ఒక పక్కన. ఇద్దరి భుజాలూ తగిలాయి. అతను మర్యాదగా జరగబోయాడు. "జరక్కు. జరిగితే మైకు అందదు."

తెర వెలిగింది. తలుపు తెరుచుకుంది. తల్లి పాత్ర వేసినావిడ ముఖం కనపడింది, తడి చేతులు తుడుచుకుంటూ, ఎవరో అన్న విసుగుతో. ఎదురుగా పొడుగ్గా ఓ కుర్రాడు.

"ఎవరు కావాలి బాబూ?"

ఆ మాట ఎలా అనాలో ఆమె ఆలోచించుకోనక్కర్లేకపోయింది. ఈ వారమంతా ఆమె అడుగుతున్నది అదే. తన సొంత గొంతుతో అంది. ఇన్నేళ్ళలో మైకు ముందు ఆ గొంతు వాడటం అదే మొదటిసారి, అది కాస్త బొంగురుగా, అలసటగా, చక్కగా ఉంది.

తెర మీద గోళీ పెదవులు విడివడ్డాయి.

"అమ్మా."

కుర్రాడు అన్నాడు. ఆ పెదవులు విడివడగానే ఆమె కూడా అనేసింది. అలవాటు. వాడు నోరు తెరిస్తే ఆమె మాట్లాడాలి, అంతే. ఏళ్ళ తరబడి ఒంట్లో ఇంకిపోయిన పని. అన్న తర్వాత గానీ తెలీలేదు. గభాలున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇంజనీరు ఆపేశాడు. కుర్రాడు నోరెళ్ళబెట్టి చూశాడు. డైరెక్టరు అద్దం అవతల నవ్వు ఆపుకోలేక కుర్చీ వెనక్కి వాల్చాడు.

"అక్కా! నువ్వు తల్లివి!"

"తెలుసు, తెలుసు. సిగ్గుపోయింది. చెరిపెయ్యి, మళ్ళీ చేద్దాం." ఆమెకి ముఖం ఎర్రబడింది, కానీ తనకీ నవ్వొచ్చింది. నవ్వు చూసి కుర్రాడు కూడా నవ్వాడు. ఒకే మైకు దగ్గర నవ్వొస్తే ఆపడం ఎంత కష్టమో అతనికి ఇప్పుడే తెలుస్తోంది.

"ఒక్క నిమిషం," అన్నాడు ఇంజనీరు. అతను నవ్వడం లేదు. "చెరిపే ముందు ఒకసారి వినండి."

తెర మీద బొమ్మ వెనక్కి వెళ్ళింది. తలుపు తెరుచుకుంది. ఎవరు కావాలి బాబూ? గోళీ నోరు తెరిచాడు.

"అమ్మా."

ఒక్క గొంతే. కింద మగవాడిది, పైన సన్నటి వణుకుతో పిల్లాడిది, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని, పూర్తిగా అతుక్కోక, మాట మధ్యలో సన్నగా చీలినట్టు. ఇద్దరు అన్నారని ఎవరూ చెప్పలేరు. ఇల్లు చేరిన పిల్లాడు ఒకడే, గొంతు నిలవక, అలా అన్నాడు.

ఇంజనీరు మళ్ళీ వినిపించాడు. ఎవరూ అడగలేదు, అయినా వినిపించాడు.

"ఇది విడదియ్యలేం అక్కా," అన్నాడు డైరెక్టరు. "నువ్వూ వాడూ ఒకే ట్రాక్లో పడ్డారు."

ఆమె హెడ్‌ఫోన్స్ రెండు చేతులతో చెవులకి అదుముకుని నిలబడింది. కుర్రాడు ఆమె ఏమంటుందోనని చూస్తున్నాడు. ఉంచమంటే అతని మొదటి భాగంలో ముఖ్యమైన మాట పూర్తిగా అతనిది కాదు. చెరిపెయ్యమంటే ఆ పగులు మళ్ళీ రాదు. అది అతనికీ తెలుసు.

"ఉంచనా?" అన్నాడు డైరెక్టరు.

ఆమె కుర్రాడినే అడిగింది. "ఉంచుదామా నాన్నా?"

"ఉంచండక్కా," అన్నాడు అతను. ఆ మాట అనడానికి అతనికి కొంచెం కష్టమైంది. ఆమె చూసింది. వీడు మంచివాడు అనుకుంది.

"ఈ ఒక్కటే," అంది అద్దం వైపు తిరిగి. "ఇక మీదట అన్నీ వీడివే. నేను నోరు తెరిస్తే కట్ చెప్పండి."

కాగితం చప్పుడు కాకుండా తిప్పింది. తెర మీద బొమ్మ కదిలింది. తల్లి చేతులు చాపి, ఆ పొడుగాటి పిల్లాడి ముఖాన్ని అందుకోవడానికి మునివేళ్ళ మీద లేచింది. ఆమె తెర వైపు చూడలేదు. పక్కనున్న కుర్రాడి వైపు తల పైకెత్తి చూస్తూ తన మాట అంది.

"ఇంత పొడుగైపోయావేంట్రా!"